విలుకాడికి బుక్కెడు బువ్వ

పోయిన నెల కోరుట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనం ఎక్కువై, నాలుగడుగులు వేద్దామని మా పాత వాడకట్టులోకి నడిచాను. ఒక అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. మధ్యలో తంబాకు డబ్బాకి ఒక సెల్‌ఫోను ఆనించి ఉంది. అందులోంచి ఎవరిదో మగగొంతు, పాడుబడ్డ మహల్లో తెల్లచీర కట్టుకున్న రాణి కథ చెబుతోంది. వెనక గాలి ఈల వేస్తోంది, తలుపు కిర్రుమంటోంది. "కొద్దిగ పెద్దగ పెట్టే" అంది వాళ్ళలో పెద్దామె, చేతిలో పని ఆపకుండా.

నేను అక్కడే నిలబడి కాసేపు విన్నాను. గొంతు బాగానే ఉంది. చప్పుళ్ళూ బాగానే ఉన్నాయి. ఒకటే లోటు, ఆ చెప్పేవాడు తుమ్మలేదు. మా చిన్నమ్మ అయితే తలుపు కిర్రుమనే చోట తప్పకుండా తుమ్మేది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నాకు చుట్టమేమీ కాదు. వాడకట్టంతా చిన్నమ్మ అనేది కనుక నేనూ అన్నాను. నేను సిరిసిల్ల పిల్లని. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగాను. మా పుట్టింట్లో మరమగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. కోరుట్లకి కోడలిగా వచ్చాక ఆ ఇంటి నిశ్శబ్దానికే నాకు సగం భయం వేసేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన దుబాయి విమానం ఎక్కాడు. మా అత్త నా మొహం చూసి చూసి విసిగి, "ఇంట్ల కూసొని గోడలేం సూత్తవ్, పొయ్యి బీడీలన్న నేర్సుకో" అని చాట, కత్తెర చేతికిచ్చి చిన్నమ్మ వాళ్ళ అరుగు మీదికి తోలింది.

మొదటి రోజు నేను ఆవిడని యజమానురాలు అనుకున్నాను. అందరూ వంచిన తల ఎత్తకుండా పని చేస్తుంటే, ఆవిడ మాత్రం గోడకు ఆనుకుని, ఒక కాలు చాపుకుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని చదువుతోంది. ఆవిడ ముందు ఖాళీ చాట. ఉండి ఉండి ఒక్కొక్కరూ తాము చేసిన బీడీలు కొన్ని తీసి అందులో వేస్తున్నారు. దొరసానికి పన్ను కడుతున్నట్టే ఉంది. పక్కామెను మెల్లిగా అడిగితే నవ్వింది. "దొరసాని కాదు, ఏం కాదు. ఆమె సదువుతది, ఆమె బీడీలు మేం జేత్తం. సదివేటామె చాట ఉత్తగ పోవద్దు, గది మా అరుగు కట్టు."

ఆ కట్టు ఎవరు పెట్టారో తెలియదు. కానీ దాన్ని ఎవరూ తప్పేవారు కాదు. ఆ అరుగు మీద చదువు వచ్చినవాళ్ళం ఆవిడా, పది తప్పిన నేనూ. నన్ను కూడా చదవమన్నారు ఒకసారి. నాలుగు వాక్యాలు కాగానే, "సిరిసిల్ల పిల్లా, నువ్వు రేడియోల వార్తలు సదివినట్టు సదువుతున్నవ్, బీడీలే జేసుకో" అని పుస్తకం లాక్కుంది చిన్నమ్మ. నా బీడీలు అంతకన్నా అన్యాయంగా ఉండేవి, అది వేరే సంగతి.

ఆవిడ చదివేవి రెండే రకాలు. రాజుల కాలం నాటి ప్రేమకథలు, పాడుబడ్డ కోటల్లో దయ్యాల కథలు. రెండూ ఒకే పుస్తకంలో కలిస్తే ఆవిడకి ఆ రోజు పండుగే. ఇంటి కథల నవల ఎవరైనా తెచ్చిస్తే వేలితో పక్కకి నెట్టేది. "అత్తాకోడండ్ల లొల్లి నాకెందుకే? ఇంట్ల లేదా?" జగిత్యాల బస్టాండు దగ్గర ఒక ముసలాయన అద్దెకి పుస్తకాలు ఇచ్చేవాడు. ఆయన దుకాణంలో అట్ట మీద కోటగానీ పుర్రెగానీ ఉన్న పుస్తకం ఏదీ ఆవిడ చేయి తగలకుండా ఉండేది కాదు. ఒకసారి అక్కడిదాకా వెళ్ళిన మనిషి, నిజం కోట ఎలా ఉంటుందో చూద్దామని జగిత్యాల ఖిల్లా కూడా చూసి వచ్చింది. మేమంతా చుట్టూ చేరి అడిగాం. పెదవి విరిచింది. "ఏముంటదే. సొరంగం లేదు, దయ్యం లేదు. మేకలు మేత్తున్నయ్. రాసేటోల్లే నయం."

వేములవాడలో దర్శనం వరసలో నిలబడి కూడా చదివిందట. ముందువాళ్ళు కదిలారు, ఈవిడ కదల్లేదు. వెనకవాళ్ళు తోస్తే, "జర ఆగుండ్రి, రాజన్న ఏడికి పోతడు, గీడ రాణి సొరంగంల ఇరుక్కున్నది" అన్నదట. ఇది చెప్పింది ఆవిడ మొగుడే. చెబుతూ ఆయన తల కొట్టుకున్నాడు కానీ, ఆ వరసలో ఆవిడ కళ్ళజోడు పెట్టె పట్టుకుని నిలబడిందీ ఆయనే.

ఆవిడకి ఒక నియమం ఉండేది. ఏ పుస్తకమైనా ముందుగా తను ఒక్కతే చదువుకునేది కాదు. సీరియల్ ఉన్న వారపత్రిక పొద్దున్నే ఇంటికి వచ్చినా, అరుగు మీద అందరూ కూర్చునేదాకా పేజీ తిప్పేది కాదు. "ముందుగాల నేను సదివితె ఎంగిలైతది. ఎంగిలి కథ మీకెట్ల పెట్టాలె?" అనేది. కాబట్టి మాకు భయం వేసినప్పుడే ఆవిడకీ వేసేది. రాజకుమారి తప్పిపోతే మాతోపాటు ఆవిడా వెతికేది. ఇక తంబాకు ఘాటుకో, లేక మమ్మల్ని ఏడిపించడానికో, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట తుమ్మేది. ఒకటి కాదు, వరసగా. మేం తిట్టేవాళ్ళం. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, చక్కగా అదే మాట దగ్గర అందుకునేది.

గొంతులు మార్చేది. దుర్మార్గుడైన మంత్రి ఎవరైనా సరే, ఆయనది మా టేకేదారు గొంతే. టేకేదారంటే మా బీడీలు చూసి తీసుకుని కార్ఖానాకి పంపేవాడు. బాగాలేనివి ఏరి మా ముందే విరిచి పారేసేవాడు. ఆ మనిషికి ఒక విషయం అర్థమైపోయింది. దయ్యం వచ్చిన రోజు మా బీడీలు బిగుసుకుపోయి ఉంటాయి, పీల్చినా పొగ రాదు. రాకుమారి తోటలో ప్రేమించిన రోజు వదులైపోయి తంబాకు రాలుతుంది. చాటలో చేయి పెట్టగానే, "ఏందే, ఇయ్యాల దయ్యమచ్చిందా?" అనేవాడు. ఒకరోజు అరుగు పక్కగా పోతూ మంత్రి మాటలు విని ఆగిపోయాడు. "గీ మంత్రి ఎవడో గని, మంచిగ మాట్లాడుతుండు" అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ రోజు మేం నవ్వలేక చచ్చాం.

అవి అన్నల రోజులు, నక్సలైట్లని మేం అలాగే అనేవాళ్ళం. పగలు పోలీసుల జీపులు, పొద్దుగూకితే ఇళ్ళ తలుపులు గడియలు. ఇంట్లో పుస్తకం ఉండటమే ఒక భయం. మా అత్త నా పదో తరగతి పుస్తకాలు కూడా పొయ్యిలో పెట్టమంది. చిన్నమ్మ మాత్రం ఒక్క పుస్తకమూ దాచలేదు. వాడకట్టులో సోదా చేస్తూ ఒక పోలీసాయన అరుగు మీదికి వచ్చి, పుర్రె బొమ్మ ఉన్న పుస్తకం ఎత్తి, "గిదేం పుస్తకం?" అన్నాడు. "దయ్యాలది సార్. సదువుతనంటె సదువుండ్రి. గని మల్ల తెచ్చియ్యాలె, అద్దెది" అంది. ఆయన దాన్ని ఉన్నచోటే పెట్టేసి వెళ్ళిపోయాడు. అటు పోలీసులకే కాదు, ఇటు అన్నల వైపున్న సంఘం పిల్లలకీ ఆ పుస్తకాలు నచ్చలేదు. వాళ్ళలో ఒకతను కూర్చుని చాలా మర్యాదగా చెప్పాడు. "అక్కా, గీ రాజులు రాణుల కథలు మనకెందుకు? మన ఆకలి కథలు సదువు." చిన్నమ్మ అంతే మర్యాదగా విని, "ఆకలి సంగతి నాకెరుకే తమ్మీ. రాజుల సంగతే ఎరుకలేదు" అంది. అతను నవ్వాడు. చాయ్ తాగి వెళ్ళాడు.

ఆ అరుగు మీద మా అందరికన్నా పెద్దది రాజవ్వ. ఆమె చిన్నకొడుకు జగిత్యాల కాలేజీలో చదువుతూ, ఒక పొద్దున బస్టాండులో సైకిలు పెట్టి వెళ్ళి మళ్ళీ రాలేదు. అన్నల్లో కలిశాడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అప్పటినుంచి రాజవ్వ తిండి మానేసింది. రాత్రి అన్నం లేదు. పగలు కోడలు కట్టిచ్చిన సద్దిగిన్నె తెచ్చి పక్కన పెట్టుకుని, మూత తీయకుండానే మళ్ళీ పట్టుకుపోయేది. చాయ్ మీద, అందులో ముంచిన బిస్కెట్ ముక్క మీద బతికేది. మేం బతిమాలితే, "వాడు తిన్నడో లేదో" అనేది. ఆమె చేతి గాజులు మోచేతిదాకా జారేవి. ఇట్లాగే ఉంటే మనిషి మిగలదని మాకందరికీ తెలిసిపోయింది. చిన్నమ్మ ఒక్కతే ఆమెను తినమని ఎప్పుడూ అనలేదు. కథ మొదలుపెట్టేటప్పుడు, "అక్కా, ఇటు దగ్గరికి జరుగు" అనేది, అంతే.

ఆ ఏడాది ఒక వారపత్రికలో కొత్త సీరియల్ వచ్చింది. ఒక కొండకోట రాజ్యంలో బీద తల్లి కొడుకు. బాణం వేయడంలో మొనగాడు. రాజు పెట్టే బాధలు చూడలేక, తల్లికి చెప్పకుండా తెల్లవారకముందే వాగు దాటి అడవిలోకి పోతాడు. రాజుగారి కూతురే అతన్ని ప్రేమిస్తుంది. అతనికి రచయిత పెట్టిన పేరు బారెడుంది. మాకు నోరు తిరగక విలుకాడు అన్నాం. రాజవ్వకి మాత్రం మొదటి వారం నుంచే అతను 'పిలగాడు'. పత్రిక రాగానే ముందు బొమ్మ చూపించమనేది. చదువు రాదు కనుక బొమ్మనే చాలాసేపు చూసేది.

నాలుగైదు వారాలు హాయిగా గడిచాయి. ఒక మధ్యాహ్నం, విలుకాడు కోటగోడ మీద ఉన్నాడు. మంత్రి మనుషులు చుట్టుముట్టారు. చిన్నమ్మ గొంతు తగ్గించి చదువుతోంది. పక్కనే కూర్చున్న నాకు పేజీ కనబడుతోంది. "చీకటిని చీల్చుకుంటూ ఒక బాణం వచ్చింది. అది..." అని చిన్నమ్మ ఆగిపోయింది. తర్వాతి మాటలు నేను చూశాను. అది అతని గుండెలో దిగింది. విలుకాడు నేలకొరిగాడు. ప్రాణం పోయింది. ముందుగా చదవకూడదన్న నియమం ఆవిడ కొంప ముంచింది.

రాజవ్వ కత్తెర ఆకులో సగం దిగి ఆగి ఉంది.

చిన్నమ్మ తుమ్మింది. ఆ రోజు తుమ్మినట్టు ఎప్పుడూ తుమ్మలేదు. తుమ్మి, తుమ్మి, కొంగుతో తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, అదే గొంతుతో అందుకుంది. "అది అతని చెవి పక్క నుండి దూసుకుపోయింది. విలుకాడు కోట కందకంలోకి దూకాడు." నాకు చేతిలోని దారం జారిపోయింది. రాజవ్వ కత్తెర మళ్ళీ కదిలింది. కాసేపటికి బొమ్మ చూపించమంది. బొమ్మలో విలుకాడు వెల్లకిలా పడి ఉన్నాడు, గుండెలో బాణం. దాచే వీలులేక చిన్నమ్మ చూపించింది. రాజవ్వ దాన్ని చాలాసేపు చూసి, "గీడు మనోడు కాదు. మనోని ముక్కు గిట్లుండది" అని పత్రిక తిరిగి ఇచ్చేసింది.

ఆ వారం తప్పించుకున్నాం, మరి పై వారం? రచయిత అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. విలుకాణ్ణి దయ్యం చేసి కోటలోకి పంపాడు. ఇక చిన్నమ్మ తిప్పలు చూడాలి. అచ్చులో దయ్యం గోడలోంచి నడిచి వస్తే, మా అరుగు మీద విలుకాడు దొంగ తలుపు తెరుచుకుని వచ్చేవాడు. అచ్చులో అతనికి నీడ పడకపోతే, మా దగ్గర ఆ పూట మబ్బు పట్టేది. గుర్రాలు బెదిరి సకిలిస్తే, పాత మిత్రుణ్ణి గుర్తుపట్టి సంతోషంతో సకిలించాయి. రాకుమారి అతన్ని చూసి మూర్ఛపోతే, అది సిగ్గు. మెల్లమెల్లగా అరుగు మీద అందరికీ సంగతి తెలిసింది. రాజవ్వ ఇంటికి వెళ్ళాక నా దగ్గర అసలు కథ కూడా చెప్పించుకునేవారు. అయినా మరునాడు ఏమీ తెలియనట్టు కూర్చునేవారు. చిన్నమ్మ చాటలో బీడీలు ఇదివరకటికన్నా ఎక్కువే పడేవి.

ఇన్ని చేసినా రాజవ్వ సద్దిగిన్నె మూత లేవలేదు. ఒకరోజు, చిన్నమ్మ చదువుతోంది. "విలుకాడు వంటశాల వాకిట నిలిచెను. కుక్కలు మొరిగెను." ఆ రచయితకి కోట లోపలికి వెళితే చాలు, గ్రాంథికం వచ్చేది. అచ్చులో తర్వాతి వాక్యం, దయ్యం గాలికి పొయ్యి ఆరిపోయిందని.

"సెల్లె, జర ఆగు" అంది రాజవ్వ. ఆమె కథ మధ్యలో మాట్లాడటం అదే మొదలు. "పిలగాడు గా నీళ్ళల్ల దుంకినకాడికెల్లి గిప్పటిదాంక బుక్కెడు బువ్వ ముట్టలే. ఒక్కలన్న అడుగుతలేరు. గా రాజుబిడ్డకన్న సోయి లేదా?"

ఎవరం తల ఎత్తలేదు. దయ్యానికి అన్నం ఎవరు పెడతారు? చిన్నమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. వేలు వాక్యం మీద పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ చదివింది.

"ఆ వంటశాలలో ఒక ముసలమ్మ యుండెను. ఆమె విలుకాని చూచి, నాయనా, ఎన్నాళ్ళకు వచ్చితివి అని పీట వేసెను. వేడివేడి జొన్నరొట్టెయు, పుంటికూర పప్పును, పచ్చిపులుసును వడ్డించెను."

"ఉల్లిగడ్డ?" అంది మూలనుంచి ఒకామె.

"ఉల్లిగడ్డయు పెట్టెను" అంది చిన్నమ్మ తల ఎత్తకుండా.

"పెరుగుండద్దా?"

"గట్టి పెరుగు. మీగడతో."

"మిరంతొక్కు..."

"అదియును. ఇంక మీరు నోరు మూసుకొనుడు" అని వేలు జరిపింది. "విలుకాడు రొట్టె తుంచెను. తుంచి ఆగెను. అమ్మా, నీవు తింటివా అని అడిగెను. నాకు ఆకలి లేదు నాయనా, నీవు తిను అని ముసలమ్మ పలికెను. నీవు తిననిచో నేనును ముట్టను అని విలుకాడు చేతిలోని ముక్క కంచములో పెట్టెను. పెట్టి, లేవబోయెను."

అక్కడ ఆపేసింది. వేలు కూడా ఆగింది.

"లేషిండా?" అంది రాజవ్వ.

"ఏమో అక్కా. గింతదాంకనే ఉన్నది. ముసల్ది తింటదో తినదో, ముంగట పేజీల సూడాలె."

"సూడు మరి."

"ఈ పేజీ తెమలనియ్యి" అంది చిన్నమ్మ. పేజీ మాత్రం తిప్పలేదు.

రాజవ్వ ఆవిడ వేలినే చూస్తోంది. కాసేపటికి పక్కనున్న సద్దిగిన్నె ఒళ్ళోకి తీసుకుంది. మూత తీసింది. "తింటది తియ్యి. ఆకలిగొన్న పిలగాడు కంచం ముంగట కూసుంటె ఎవలు తినరు" అంటూ అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

మేమెవరం ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆపేస్తుందేమోనని భయం. నాకు ఏడుపు వచ్చింది, దానితోపాటే నవ్వూ వచ్చింది. రెండూ కలిసి తంబాకు మీద పడేలా ఉంటే మొహం కొంగులో దాచుకున్నాను. చిన్నమ్మ పేజీ తిప్పి, "విలుకాడు కూర్చుండెను" అని చదివింది. రాజవ్వ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆ విలుకాడు తింటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు మారు వడ్డన అయిందో. ఆ రోజు మా బీడీలు చూసి టేకేదారు, ఇవాళ ఏ కథో అర్థం కావడం లేదన్నాడు.

ఇక ప్రతి వారం ఆ కోటలో ఒక భోజనం ఉండేది. యుద్ధం ఉన్నా, ఉరుము ఉన్నా సరే, ముందు ముసలమ్మ, విలుకాడు కూర్చుని తినాలి. సర్వపిండి, మక్కగట్క, చింతచిగురు, అన్నీ ఆ కోట వంటశాలలో వండారు. అచ్చులో మాత్రం దయ్యం చివరికి ఒక దీపంలో కలిసిపోయింది. చిన్నమ్మ చదివిన విలుకాడు మాత్రం వాగు దాటి తల్లి ఇంటికి నడిచాడు. రెండు ముగింపులూ చదివినదాన్ని కనుక చెబుతున్నాను, చిన్నమ్మదే బాగుంది.

తర్వాత చాలా నవలలు వచ్చాయి, చాలామంది రాకుమారులు వచ్చారు. రాజవ్వ తింటూనే ఉంది, బతికే ఉంది. ఒక మధ్యాహ్నం, కేసులన్నీ తేలిపోయి ఆమె కొడుకు బస్సు దిగాడు. ఆమె అతన్ని ఇంటికి కూడా తీసుకుపోలేదు. మణికట్టు పట్టుకుని నేరుగా అరుగు దగ్గరికి నడిపించుకొచ్చింది. చదువు ఆగిపోయింది. గడ్డం, లోపలికి పోయిన కళ్ళు, పీక్కుపోయిన చెంపలు. నిలబడటానికే మొహమాటపడుతున్నాడు. చిన్నమ్మ కళ్ళజోడు మీదినుంచి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"గింత సన్నగున్నడేందక్కా? నేను గన్ని దినాలు పెడితి గదా."

అన్నాక గానీ తను ఏమందో ఆవిడకి తెలియలేదు. నాలుక కరుచుకుంది. అతనికి ఏమీ అర్థం కాక తల్లి వైపు చూశాడు. మేమంతా రాజవ్వ వైపే చూశాం. రాజవ్వ కొడుకు చెయ్యి వదలలేదు.

"నువ్వు పెట్టినవ్ కాబట్టె సెల్లె, గీమాత్రమన్న ఉన్నడు" అంది.